చూడక పలుకు సాక్ష్యము

ధ్యానమునకు: సామెతలు 18:13, యోహాను 1:43–46, యోహాను 7:24, అపొస్తలుల కార్యములు 19:23–41, 1 కొరింథీయులకు 1:10–13.



మన సీమలో నలుగురు కూడిన చోట సినిమా మాట రాకుండుట అరుదు. బందరు కోనేరు సెంటరులోనైనను, గుడివాడ నెహ్రూ చౌకులోనైనను, అవనిగడ్డ బస్టాండులోనైనను, ఊడ్పుల దినములలో గట్టుమీద కూర్చుండి అన్నము తినునప్పుడైనను, "బొమ్మ ఎలా ఉందంట?" అను ప్రశ్న వినబడుచునే యుండును. ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుచుండగనే మన యౌవనస్థులలో కొందరు ఆ మాటనే యెత్తుకొందురు. ఒకడు బాగున్నదనును. మరియొకడు పోయినదనును. కొలది నిమిషములలో స్వరములు హెచ్చును.

క్రైస్తవుడు సినిమా చూడవచ్చునా కూడదా అను వాదము మన సంఘములలో ఏండ్ల తరబడి జరుగుచున్నది. ఈ నెల మేము ఆ వాదములోనికి పోవుట లేదు. దాని ప్రక్కనే మరియొక ప్రశ్న కలదు. అది చిన్నదిగ కనబడును గాని మన దినదిన జీవితమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. ఒక చిత్రమును గూర్చి ఇది మంచిది, ఇది చెడ్డది అని నలుగురిలో చెప్పుటకు మనకు హక్కు ఎక్కడనుండి వచ్చును? అట్లు చెప్పుట వట్టి కాలక్షేపమా, లేక సాక్ష్యము పలుకుటయా?

మా మనవి ఇది. తన అభిప్రాయమును నలుగురి యెదుట చెప్పినవాడు ఆ విషయమునకు సాక్షి యగుచున్నాడు. అతని మాట విని ఒకడు కూలి డబ్బులలోనుండి టిక్కెట్టు కొనును, మరియొకడు మానుకొనును. కావున న్యాయస్థానములో సాక్షికి ఏ ధర్మము విధింపబడినదో, టీ కొట్టు బల్లమీద కూర్చున్న సాక్షికిని అదే ధర్మము వర్తించును. అబద్ధ సాక్ష్యమును నిషేధించిన ఆజ్ఞలో, సినిమా మాటలకు ఇది చెల్లదు అను మినహాయింపు ఎక్కడను లేదు.

తీర్పు తీర్చకూడదని ప్రభువే చెప్పెను గదా, మనకేల ఈ గొడవ యని కొందరు అనవచ్చును. కాని అదే ప్రభువు, పైకి కనబడుదానిని బట్టి గాక న్యాయమైన తీర్పు తీర్చవలెనని యోహాను సువార్త 7వ అధ్యాయములో బోధించెను. మంచి చెడ్డలను వివేచింపవద్దని ఆయన మనకు చెప్పలేదు. అన్యాయముగ వివేచింపవద్దని చెప్పెను.

మన సీమయు, సినిమాయు

ఈ మాట మన సీమవారికి ప్రత్యేకముగ తగును. ఏలయనగా తెలుగు సినిమా మనకు పరాయిది కాదు. మద్రాసులో గెయిటీ అను సినిమాశాల కట్టించి, తెలుగు చలనచిత్రమునకు పితామహుడని పేరొందిన రఘుపతి వెంకయ్య గారు బందరువారు. నందమూరి తారక రామారావు గారు 1923లో నిమ్మకూరులో జన్మించిరి. అక్కినేని నాగేశ్వరరావు గారు 1924లో గుడివాడ తాలూకా రామాపురములో జన్మించిరి. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించిరి. ఇట్లు రెండు మూడేండ్ల వ్యవధిలో, సైకిలుమీద తిరిగి చూడగల మేర దూరములో, తెలుగు దేశమంతయు ఎరిగిన ముగ్గురు పుట్టిరి. అట్టి సీమలో సినిమా మాట వినబడుట వింత కాదు.

పూర్వము ఊరికి టూరింగు టాకీసు వచ్చినప్పుడు డేరా వేసెడివారు. బండికి మైకు కట్టి, రంగు కాగితములు చల్లుచు, ఊరూర చాటింపు వేసెడివారు. బొమ్మ బాగున్నదా లేదా యని తెలియుటకు, నేల టిక్కెట్టుమీద చూచి వచ్చినవాడు మరునాడు చేనిలో చెప్పవలసినదే. వాడు కథంతయు చెప్పును, పాట పాడి వినిపించును, ఎక్కడ ఏడ్చెనో అదియు చెప్పును. అతని మాట తప్పు కావచ్చును గాని, అతడు చూచి వచ్చినవాడు. నేడు చేతిలోని ఫోను ఆ పని చేయుచున్నది. హైదరాబాదులో మొదటి ఆట మొదలై సగము గడువకమునుపే నాగాయలంకలో తీర్పు వెలువడును. మాట త్వరగా వచ్చుట దోషము కాదు. అయితే త్వరపడు మాటలో మూడు దోషములు సుళువుగ చొరబడుచున్నవి. వాటిని వరుసగా చూతము.

1. చూడనిదానిని చూచినట్లు చెప్పుట

2023 సంక్రాంతికి ఇద్దరు పెద్ద నటుల చిత్రములు ఒక్కదినము తేడాతో వచ్చెను. జనవరి 12న బాలకృష్ణ గారి 'వీరసింహారెడ్డి', 13న చిరంజీవి గారి 'వాల్తేరు వీరయ్య'. ఆ పండుగ దినములలో దివిసీమలో ఒక గ్రామమునకు కూటమునకై వెళ్లియుంటిమి. అక్కడి యౌవనస్థులు రెండు జట్లుగా చీలి, గుడి అరుగుమీదనే వాదించుకొనుచుండిరి. అందరికంటె గట్టిగా మాటలాడుచున్న బిడ్డను పిలిచి, "నువ్వు రెండూ చూశావా బాబూ?" అని యడిగితిమి.

"ఇంకా లేదండి అయ్యగారూ. మావాడిది ఆదివారం చూస్తాను. కానీ అదిరిపోయిందంటండి. రెండోది తేలిపోయిందంట."

"రెండోది చూస్తావా?"

"నేనెందుకు చూస్తానండీ!"

అక్కడనే నిలిచియున్న సంఘపెద్ద యొకరు ఈ మాటలు విని నొచ్చుకొని, "ఇవన్నీ సాతాను పనులండి అయ్యగారూ. రెండూ పనికిమాలినవే" అనిరి. "మీరు చూచితిరా?" అని వారినిని యడిగితిమి. "నేను హాలు గుమ్మం తొక్కి ముప్పై ఏళ్లయింది" అని వారు కొంచెము గర్వముతోనే చెప్పిరి.

ఆ బిడ్డయు ఆ పెద్దయు ఒకరికొకరు విరోధులమని యెంచుకొనిరి. మాకు మాత్రము వారిద్దరు ఒకే బల్లమీద కూర్చున్నట్లు కనబడెను. ఒకరు చూడక మెచ్చుకొనిరి, ఒకరు చూడక దూషించిరి. సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువానికి అది అవివేకమును సిగ్గును అని సామెతల గ్రంథకర్త చెప్పినప్పుడు, ఆ మాట మెచ్చుకొనువానిని విడిచి దూషించువానినే ఉద్దేశించినది కాదు. దూషించువానిని విడిచి మెచ్చుకొనువానినే ఉద్దేశించినదియు కాదు.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. విషము విషమని తెలియుటకు త్రాగి చూడవలెనా? చెడ్డ చిత్రమని చెప్పుటకు ప్రతి చిత్రమును చూడవలెనా? అక్కరలేదు. నమ్మదగినవారి మాట విని మానుకొనుట జ్ఞానమే. చిత్రము మొదటనే సెన్సారువారి పత్రము కనబడును. అది పెద్దలకు మాత్రమే యని యున్నప్పుడు, బిడ్డలను తీసికొని పోకుండుటకు తల్లిదండ్రులు దానిని చూచియుండనక్కర లేదు. అయితే మానుకొనుట ఒకటి, సాక్ష్యము చెప్పుట మరియొకటి. మానుకొనువాడు "మంచిది కాదని విన్నాను, నేను వెళ్లను" అని చెప్పవచ్చును. అది సత్యము. "అది చెడ్డది" అని చూచినవానివలె చెప్పినయెడల, తనకు లేని అధికారమును తాను తీసికొనుచున్నాడు. "విన్నాను" అను ఒక్క మాటను మ్రింగివేయుటచేత సత్యము అసత్యమగును.

మరియు సినిమా అంతయు ఒకటే యని కొట్టివేయు పెద్దలు మరచు సంగతి యొకటి కలదు. 1978లో భీంసింగ్ గారి దర్శకత్వమున, విజయచందర్ గారు ప్రభువు పాత్ర ధరించిన 'కరుణామయుడు' వచ్చినప్పుడు మన సంఘములే దానిని ఊరూరికి తీసికొని పోయినవి. గుడి ముందర తెర కట్టి, ఇసుకమీద చాపలు పరచి, అక్షరము రాని అవ్వలును తాతలును సిలువ దృశ్యము చూచి కన్నీరు కార్చిరి. తెర అదియే, వెలుగు అదియే. కావున మంచి చెడ్డలు తెరలో లేవు. తెరమీద చూపబడుదానిలో నున్నవి. అది యేమో తెలియుటకు చూచినవారి సాక్ష్యము కావలెను.

2. పక్షము కట్టుట

రెండవ దోషము మరింత లోతైనది. చూచి చెప్పినను, ముందే పక్షము కట్టినవాడు నిజముగ చూడలేడు. కొరింథు సంఘములో నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను అని చీలికలు కలిగెనని మనము చదువుదుము. ఆ బోధకులు తమలో తాము కలహించుకొనలేదు. కలహము వెంబడించువారిలోనే పుట్టెను. పౌలు నాటగా అపొల్లో నీరు పోసెనని ఆ పత్రికయే సాక్ష్యమిచ్చుచున్నది.

మన సీమలో ఇదే జరిగెను. నందమూరి వారి అభిమానులు, అక్కినేని వారి అభిమానులు అని ఊరు రెండుగా చీలిన దినములను పెద్దలు ఇప్పటికిని చెప్పుదురు. ఒకే కాలువ నీరు త్రాగిన అన్నదమ్ములు మాటలాడుకొనుట మానివేసిరట. కాని ఆ నటులిద్దరు కలిసి 14 చిత్రములలో నటించిరి. 1950లో 'పల్లెటూరి పిల్ల'లో కలిసి కనబడిరి. 1957లో 'మాయాబజార్'లో కలిసిరి. 1962 జూన్ 7న వచ్చిన 'గుండమ్మ కథ' రామారావు గారికి 100వ చిత్రము, నాగేశ్వరరావు గారికి 99వది. పైన ఇద్దరు కలిసి పని చేసికొనుచుండగా, క్రింద వీరు కొట్టుకొనుచుండిరి.

దివిసీమవారికి మరియొకటి జ్ఞాపకముండవలెను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలకు వేల ప్రాణములను తీసికొని పోయెను. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ దుఃఖదినములలో ఆ నటులిద్దరు కలిసి వీధులలో తిరిగి, చేయి చాచి, దివిసీమ బాధితుల కొరకు విరాళములు అడిగిరి. ఆ సొమ్ములో ఏ అభిమాని వేసిన రూపాయి ఎవరిదో ఎవ్వరును వేరుచేయలేదు. ఎవరి కొరకు మనము తగవులాడితిమో వారు మన కొరకు కలిసి నడచిరి. ఈ సంగతి ఎరిగియు మన గ్రామములలో ఫ్లెక్సీ చినిగినదని తలలు పగులగొట్టుకొనుట ఎంత సిగ్గు!

సంక్రాంతి తగవు చెప్పితిమి గదా. ఆ రెండు చిత్రములను నిర్మించినది ఒకే సంస్థ, మైత్రీ మూవీ మేకర్స్. ఒక ఇంటి రెండు గుమ్మములలో దేనినుండి ప్రవేశించినను సొమ్ము చేరునది ఒకే పెట్టెలోనికి. ఈ మాట ఆ దినము అరుగుమీద చెప్పినప్పుడు బిడ్డలందరు మొదట నమ్మలేదు, తరువాత నవ్విరి. ఆ నవ్వుతో తగవు చల్లబడెను.

ఎల్లప్పుడు నవ్వుతో ముగియదు. 2016 ఆగష్టులో కర్ణాటకలోని కోలారులో, అవయవదానమును గూర్చిన కార్యక్రమమునకు వెళ్లిన తిరుపతి యువకుడొకడు, నటుల అభిమానుల మధ్య పెరిగిన వాగ్వాదములో కత్తిపోటుకు గురియై మరణించెను. మరణించినవారు తమ కన్నులను ఇతరులకు ఇచ్చిపోవలెనని చెప్పు చోటనుండి బయటికి వచ్చి, ఎవరి నటుడు గొప్ప యను మాటమీద ఒక తల్లి కడుపుకోత చూడవలసి వచ్చెను. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్యా థియేటరు వద్ద 'పుష్ప 2' ముందస్తు ఆటకు, నటుని చూచుటకు ఎగబడిన జనములో త్రొక్కిసలాట జరిగి ఒక స్త్రీ మరణించెను. ఆమె చిన్న కుమారునికి తీవ్రమైన హాని కలిగెను. అక్కడ ఎవరును ఎవరినిని చంపగోరలేదు. గుంపు అయినప్పుడు మనుష్యునికి ప్రక్కవాడు కనబడడు. అంతే.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు నాటకశాలను గూర్చి చదువుడి. జనులు లోపలికి చొరబడి, తమ దేవత పేరు చెప్పి, ఇంచుమించు రెండు గంటలసేపు కేకలు వేసిరి. వారిలో ఎక్కువమందికి తామెందుకు కూడితిమో తెలియనే తెలియదని లూకా వ్రాసెను. చివరకు పట్టణపు కరణము వచ్చి, ఫిర్యాదు ఏదైన నుండినయెడల న్యాయసభలు కలవు, అక్కడ వాదించుకొనుడి యని నెమ్మదిగా చెప్పి పంపివేసెను. మొదటి ఆట నాటి సినిమా హాలు ముందర నిలిచి, ఈ అధ్యాయము మరియొకసారి చదివినయెడల అది రెండువేల ఏండ్ల నాటిదని తోచదు. మనకు కావలసినది ఆ కరణము వంటి మనుష్యుడు. గొంతు హెచ్చింపక, ఎవరినిని అవమానింపక, సంగతి యేమి, సాక్ష్యమెక్కడ అని యడుగువాడు ప్రతి గ్రామమునకు ఒక్కడైనను కావలెను.

3. సొమ్ముతో కొలుచుట

మూడవ దోషము క్రొత్తగా బలపడినది. చిత్రము మంచిదా యని యడిగిన, ఎన్ని కోట్లు వచ్చినవో చెప్పుచున్నారు. రోజు కూలికి పోవు బిడ్డ, తనకు ఒక్క రూపాయియు రాని కోట్ల లెక్కను వ్రేళ్లమీద చెప్పి, ప్రక్కవానిని ఓడించుచున్నాడు. ప్రభువు కానుకపెట్టె యెదుట కూర్చుండినప్పుడు, ఎక్కువ వేసినవారిని గాక రెండు కాసులు వేసిన విధవరాలిని మెచ్చుకొనెను. మొత్తము ఎంత యని చూచు కన్ను వేరు, వస్తువు ఎట్టిది యని చూచు కన్ను వేరు.

దీనికి మన బందరులోనే మంచి దృష్టాంతము కలదు. కమలాకర కామేశ్వరరావు గారు 1911లో బందరులో జన్మించిరి. 1930ల దశకములో బందరునుండి వెలువడు 'కృష్ణాపత్రిక'లో 'సినీఫాన్' అను పేరుతో చిత్రములను సమీక్షించెడివారు. సినిమా అభిమాని అను పేరు పెట్టుకొనియు వారు అభిమానమును అడ్డుపెట్టక, చూచి, ఆలోచించి, గుణదోషములు రెండును వ్రాసిరి. తరువాత వారే మద్రాసు వెళ్లి చిత్రపరిశ్రమలో ప్రవేశించిరి. ఇతరులను కొలిచిన చేయి ఇప్పుడు కొలతకు లోబడవలసి వచ్చెను. వారి దర్శకత్వమున 1954లో వచ్చిన 'చంద్రహారం' ఎంతో ఖర్చుతో తీయబడియు ప్రజల ఆదరణ పొందలేదు. వారు వెనుదీయలేదు. 1962లో 'గుండమ్మ కథ'ను తీసినదియు వారే. ఆ ఇద్దరు నటులను ఒకే తెరమీద కలిపి చూపిరి. 1963లో 'నర్తనశాల' తీసిరి. అది మన దేశపు ఎల్లలు దాటి జకార్తా చిత్రోత్సవమున ప్రదర్శింపబడగా, దానిలో నటించిన ఎస్.వి. రంగారావు గారు అచ్చట ఉత్తమ నటుడుగా గౌరవింపబడిరి.

1954లో సొమ్ము లెక్క చూచి, ఈయన పని అయిపోయినది అని చెప్పినవాడు ఏమి చూచి చెప్పినట్లు? లెక్క చూచెను గాని మనిషిని చూడలేదు. మనము కొలుచు కొలతతోనే మనకు కొలువబడునని ప్రభువు చెప్పిన మాటను, ఒకప్పటి సమీక్షకుడు తన జీవితములో అనుభవించి, రెండు వైపులను ఎరిగెను. విమర్శ చేయువాడు తానే దర్శకుడు కానక్కర లేదు. అయితే తెర వెనుక వడ్రంగులు, దర్జీలు, దీపములు మోయువారు, వంటవారు ఎందరో పని చేసిరని తెలిసికొని మాటలాడవలెను. సగము చూచి పోయినదని చాటించినవాడు వారందరి కష్టమును ఒక్క మాటతో త్రోసివేయుచున్నాడు.

న్యాయమైన అభిప్రాయము ఎట్లుండును?

దోషములు చెప్పి ఊరకుండుట కాపరికి తగదు. మంచి అభిప్రాయము ఎట్లు చెప్పవలెనో రెండు చిత్రముల మూలముగ చూపెదము.

మొదటిది 1938 నాటి 'మాలపిల్ల'. దానిని తీసిన గూడవల్లి రామబ్రహ్మము గారు మన కృష్ణా జిల్లా నందమూరువారు. సారథి ఫిలిమ్స్ సంస్థకు చల్లపల్లి రాజాగారు అండగా నుండిరి. అంటరానితనము దోషమని తెరమీద చెప్పిన చిత్రమది. మన సంఘములలో ఎక్కువ కుటుంబములు ఆ బాధను ఎరిగినవే. అట్టి చిత్రమును ఎట్లు విచారింపవలెను? ఎవరి పక్షము, ఎన్ని రోజులు ఆడినది అని కాదు. మా తాతల కష్టమును ఇది నిజముగ చూపినదా? మమ్మును జాలిపడదగినవారిగా మాత్రమే చూపినదా, లేక దేవుని పోలికలో నున్న మనుష్యులుగా చూపినదా? ఇట్లు అడుగవలెను. మెచ్చుకొనవలసినది మెచ్చుకొని, కొరత యున్నచోట కొరత చెప్పుటకు, ఆ బాధను ఎరిగిన మన అవ్వలకంటె మంచి సమీక్షకులు ఎవరు?

రెండవది 2020లో వచ్చిన 'కలర్ ఫోటో'. ఆ కథ నడచునది మన మచిలీపట్నములోనే. పెద్ద నటుడు లేడు, పోరాటముల ఆర్భాటము లేదు. నల్లనివాడని ఒక పేద విద్యార్థిని లోకము ఎట్లు చూచినదో అది చెప్పినది. దానికి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమానము వచ్చెను. ఆ ప్రేమకథను గూర్చి మన యిండ్లలో భిన్నాభిప్రాయము లుండవచ్చును, ఉండనిండు. అయితే పెండ్లిచూపులకు పోయినప్పుడు "పిల్ల రంగు తక్కువ" అని మనమే చెప్పుచు, ఆ చిత్రము చూచి కన్నీరు తుడుచుకొనుటలో అర్థమేమి? దేవుడు పైరూపమును గాక హృదయమును చూచునని సమూయేలునకు చెప్పబడిన సంగతిని అక్కడ మన బిడ్డలతో మాటలాడవచ్చును. చిత్రమును విచారించుచుండగా చిత్రమే మనలను విచారించునప్పుడు, ఆ సంభాషణ వ్యర్థము కాదు.

అభిప్రాయభేదము పాపము కాదని గ్రహింపుడి. ఒకే ప్రభువును నలుగురు సువార్తికులు నాలుగు విధములుగ చూపిరి. వారిలో ఎవ్వరును ఇతరుని అబద్ధికుడనలేదు. ఇద్దరు నిజముగ చూచి వేర్వేరుగ చెప్పినయెడల, విన్నవానికి రెండు కన్నులు దొరికినట్లు. ఇద్దరు చూడక ఒకే మాట చెప్పినయెడల, విన్నవానికి ఒక్క కన్నైనను దొరకదు.

చిన్న సంగతియా?

"సినిమా మాటకు ఇంత విచారణ యెందుకండీ అయ్యగారూ, సరదాకి అనుకుంటాం" అని యౌవనస్థులు మాతో చెప్పుచుందురు. సరదా కూడదని మేము చెప్పుట లేదు. నాలుక మాత్రము ఒకటే. సినిమాకు ఒక నాలుక, పొరుగువానికి ఒక నాలుక మనకు లేవు.

మేమెరిగిన సంగతి యొకటి చెప్పెదము. ఒక గ్రామములో రొయ్యల కంపెనీకి పనికి పోవు ఆడబిడ్డ యొకతె కలదు. తండ్రి లేడు. ఆమె కూలితోనే తల్లియు తమ్ముడును బ్రదుకుచుండిరి. ఆమెకు సంబంధము కుదిరి, మాటలు పూర్తియై, పెండ్లి దినము నిర్ణయించు సమయమున, టీ కొట్టు బల్లమీద ఒక మాట పుట్టెను. రాత్రి డ్యూటీ ముగిసిన తరువాత ఎవనిదో మోటారు సైకిలుమీద దిగుచున్నదట. ఆ "అట" రెండు దినములలో రాలిపోయెను. దిగుచున్నది అనిరి. మూడవ దినమున వరునివారు వెనుకకు తగ్గిరి. ఆ మోటారు సైకిలు నడిపినవాడు ఆమె సొంత మేనమామ. బస్సు లేని వేళ మేనకోడలిని ఇంటికి చేర్చుట తన బాధ్యతయని దినదినము వచ్చినవాడు. ఆ సంగతి అందరికి తెలియునప్పటికి వరునికి వేరొక సంబంధము కుదిరియుండెను.

ఎవరు చూచితిరి అని మేము ఒక్కొక్కరిని అడుగుచు పోయితిమి. ప్రతివాడును మరియొకని పేరు చెప్పెను. చూచినవాడు ఒక్కడును దొరకలేదు. ఆ బల్లమీద అంతకుముందు గంటలో జరిగినది సినిమా మాటలే. అదే బల్ల, అవే నోళ్లు, అదే అలవాటు. చూడని చిత్రమును పోయినదని చెప్పుటకు అభ్యాసమైన నోరు, చూడని ఆడబిడ్డను చెడినదని చెప్పుటకు ఏల వెనుదీయును? చిత్రము పోయినయెడల మరియొకటి తీయుదురు. ఆ బిడ్డకు పోయినది ఎవరు తిరిగి ఇయ్యగలరు?

ఇందుచేతనే ఈ ప్రశ్న చిన్నది కాదని మేము మొదట చెప్పితిమి. సినిమాను గూర్చిన మాట, సత్యము పలుకుటకు మనకు దొరకిన సుళువైన పాఠశాల. అక్కడ తప్పినను నష్టము కొంచెమే. అక్కడ నేర్చుకొన్నయెడల, పెద్ద సంగతులు వచ్చినప్పుడు, అనగా పొరుగువారి పరువు, కులముల తగవు, ఎన్నికల పుకారు, సంఘములో పెద్దల ఎన్నిక మొదలగునవి వచ్చినప్పుడు, నోరు తనంతట తాను ఆగి, "నేను చూచితినా?" అని యడుగును.

ఆచరణకు కొన్ని మాటలు

యౌవనస్థులారా, మీ అభిమాన నటుని ప్రేమించుడి, తప్పు లేదు. అయితే చూచిన తరువాత చెప్పుడి. ఎదుటివాని నటుని చిత్రమును కూడ వీలైనయెడల చూచి, దానిలో ఒక్క మంచినైనను వాని యెదుట ఒప్పుకొనుడి. మీ నటుని చిత్రములో ఒక్క కొరతనైనను మీ జట్టులో చెప్పుడి. ఇది చేయగలిగినవాడు స్వతంత్రుడు. చేయలేనివాడు ఎంత కేక వేసినను బంధింపబడినవాడే.

పెద్దలారా, బిడ్డలు ఏమి చూచుచున్నారో అడిగి వినుడి. కొట్టివేయకముందు వినుడి. వద్దనవలసినదానిని వద్దనుడి. అయితే తెలిసి వద్దనుడి. మీరు చూడనిదానిని మీరు దూషించుట బిడ్డ కనిపెట్టినయెడల, మీరు నిజముగ ఎరిగి చెప్పు మాటను కూడ అతడు నమ్మడు. వాక్యమును గూర్చి మీరు చెప్పునదియు అట్టిదేయని తలంచును.

తల్లులారా, "అంట" అను మాటను మీ యింట పోనీయకుడి. విన్నదానిని విన్నదని చెప్పుట మన భాష మనకు ఇచ్చిన మర్యాద. ఆ చిన్న మాట రాలిపోయిన చోటనే అబద్ధము మొదలగును.

నజరేతునుండి మంచిది ఏదైనను రాగలదా యని నతనయేలు అడిగెను. ఊరి పేరు విని ముందే తీర్పు చెప్పిన మనిషి అతడు. ఫిలిప్పు కోపింపలేదు, వాదింపలేదు, తన ఊరివారిని పోగుచేసి కేకలు వేయింపలేదు. వచ్చి నీవే చూడుమని పిలిచెను. నతనయేలు లేచి వెళ్లెను, చూచెను, మనస్సు మార్చుకొనెను. తన మొదటి మాటను పట్టుకొని అంజూరపు చెట్టు క్రిందనే కూర్చుండినయెడల అతడు పోగొట్టుకొనునది ఎంతయో మనమెరుగుదుము.

ఈ నెల యౌవనస్థుల కూటములలో యోహాను 1:43–46 చదివి, ప్రతివాడును తాను చూడక చెప్పిన మాట ఒకటి జ్ఞాపకము చేసికొని, వీలైనయెడల ఆ మాట విన్నవారియొద్దకు వెళ్లి సరిచేసికొనవలెనని కోరుచున్నాము. చూచి పలుకు కన్నులును, చూడనప్పుడు ఊరకుండు పెదవులును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక.